వట్టి ఊపిరి

1

చెప్పింది రాసుకునే వైద్యశాల పలక నన్ను ఎప్పుడూ మూడే ప్రశ్నలు అడుగుతుంది. పుండు ఎక్కడ, రంగేమిటి, మందు ఎంత. ఇంతకాలం వాటికే జవాబు చెప్పి ఊరుకున్నాను. లస్మక్క నోటి సంగతి అంత పొట్టిగా చెప్పగలిగేది కాదు. అందుకని ఈసారి ఉన్నదంతా చెబుతాను. వినేవాళ్లకు ఓపిక లేకపోతే అది వాళ్ల ఖర్మ.

నా పేరు కొమురమ్మ. మూకుడులో అద్దుడుమందు చేసేది నేనొక్కదాన్నే. మా ముత్తాతలు భూమ్మీది బొగ్గుబాయిల నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు, ఊరి మీద బోర్లించిన ఈ గాజు కప్పును చూసి మూకుడన్నారట. ఆ పేరే ఉండిపోయింది. పొద్దున పూట మందుగదిలో కూర్చుంటాను. మధ్యాహ్నం దాటాక ముఖానికి గాలితొడుగు వేసుకుని బయటికి పోయి బండపాచి గీరుకొస్తాను. ఆ పాచిని ఉడకబెడితే జిగురొస్తుంది. అందులో వాపు దించే పొడి కలిపితే అద్దుడుమందు. పొడి ఓడలో వస్తుంది, జిగురు నా రెక్కల కష్టం.

లస్మక్క నా జోడి. అంటే మా ఇద్దరికీ ఒకటే తొడుగు. పొద్దటి షిఫ్టులో ఆమె దాన్ని వేసుకుని గాలిగొట్టాలు బాగుచేస్తుంది. మధ్యాహ్నం తిరిగొచ్చి గడప దగ్గర, అంటే బయటి తలుపు ముందున్న గదిలో, నా చేతికిస్తుంది. మర్నాడు పొద్దున నేను ఆమెకిస్తాను. నాకంటే పెద్దది, నాకంటే మొండిది.

ఈ సాయంత్రం మందుగదికి వచ్చి పీట మీద కూర్చుంది. నోరు మాత్రం తెరవదు.

"ఏమైందక్కా?"

"ఏం గాలె. ఊకెనే వచ్చిన."

"ఊకెనే వచ్చేదానివి గాదు నువ్వు. నోరు తెరువు."

తెరిచింది. రెండు బుగ్గల లోపలా తెల్లటి గీతలు, ఒకదాన్నొకటి దాటుకుంటూ, పిండితో ముగ్గేసినట్టు. వాటి నడుమ తోలు లేచిపోయి ఎర్రటి మచ్చలు. చిగుళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎప్పటి సంది ఇట్లున్నది?"

"పోయిన దుమ్ముకాలం సంది. కారం ఇడిసిపెట్టిన. పచ్చి ఉల్లిగడ్డ ఇడిసిపెట్టిన. ఇప్పుడు ఉత్త జొన్నగట్క గూడ మండబట్టె."

"ఇన్నొద్దులు చెప్పకుంట ఏం జేసినవక్కా?"

"చెప్తె మాట్లాడొద్దంటవని భయమైంది" అని నవ్వబోయి బుగ్గ పట్టుకుంది.

ముగ్గునోరు అంటాం దీన్ని. ఒకరి నుంచి ఒకరికి అంటదు. నోటి లోపలి తోలు మీద మన ఒంటికే ఎందుకో పగ పడుతుంది. తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది, పూర్తిగా పోయిందని మాత్రం ఎవరూ చెప్పలేరు. మందు పెట్టే పద్ధతి చూపించాను. గుడ్డతో తడి తీసి, కందిగింజంత మందు వేలి కొసకు తీసుకుని, పుండు మీద అద్ది వదిలేయాలి. అదే పలుచగా పొర కడుతుంది. రుద్దితే పొడిపొడిగా ఇసుకలా రాలిపోతుంది. పెట్టుకున్నాక కాసేపు తిండి లేదు, నీళ్లు లేవు, మాట లేదు.

అన్నీ విని, తల ఊపి, బరబరా రుద్దేసింది.

"అక్కా, గోడకు సున్నమేస్తున్నవా?"

ఉమ్మేసి మళ్లీ చెయ్యి చాచింది.

2

మందు పనిచేస్తోంది. ఎరుపు కొంచెం తగ్గింది. కానీ ఆమె పొద్దున పెట్టుకోవడం మానేసిందని ఇవాళ బయటపడింది. డబ్బీ సగం కూడా కాలేదు.

"వాసనొస్తుందే."

బండపాచి జిగురుకు తడిసిన గోనెసంచి వాసన ఉంటుంది, నేను కాదనను. "నోరు మండుతుంటె వాసన చూస్తున్నవా?" అన్నాను.

"నాకు గాదు, నీకు. పొద్దున పెట్టుకుంటె ఆ వాసన తొడుగుల నిలుస్తది. మధ్యాహ్నం నువ్వు దాంట్ల మొఖం పెట్టాలె. నాకు సిగ్గయితది."

తాగే నీళ్లే కొలిచి ఇచ్చే చోట నోరు పుక్కిలించడం ఎక్కడిది. మొదట్లో వచ్చినవాళ్లు తొడుగులో ఒకరి నోటి కంపు ఒకరు పడలేక కొట్టుకునేవాళ్లట. దాల్చినచెట్టు పెరిగాక ఆ గొడవ ఆగింది. అప్పటి నుంచి తొడుగు ఇచ్చేవాళ్లు ముందు దాల్చిన చెక్కబిళ్ళ నములుతారు. నమిలి, తొడుగులోకి మూడుసార్లు ఊది, రబ్బరు అంచును చెక్కనూనె గుడ్డతో తుడిచి, రెండు చేతులా అందిస్తూ "నిండుది, తీసుకో" అంటారు. అవతలివాళ్లు "నిండుగ తీసుకుంటున్న" అంటారు. అలా నమలకుండా ఇస్తే దాన్ని వట్టి ఊపిరి అంటారు. దాని మీద కుదిరిన పెళ్లిళ్లు చెడిపోయాయి. మా ఊళ్లో ఎవరినైనా తిట్టాలంటే అంతకంటే పెద్ద తిట్టు లేదు.

మర్యాద కోసం మందు మానేసే మనిషికి మర్యాదగల మందే చేసిపెడదాం అనుకున్నాను. జిగురు చల్లారేటప్పుడు నాలుగు చుక్కల చెక్కనూనె కలిపాను. గోనెసంచి వాసన ఎటు పోయిందో తెలియలేదు. డబ్బీ మూత తీస్తే పెళ్లింటి పాయసం వాసన. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లు ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

లస్మక్క వాసన చూసి, "ఇగ రెండు పూటల పెట్టుకుంట" అంది.

3

నోరు చెడింది. బుగ్గలే కాదు, నాలుక పక్కలు కూడా ఎర్రబడ్డాయి. మందు ఎక్కువ పెట్టమన్నాను. ఇంకా చెడింది.

ఇవాళ మధ్యాహ్నం గడప దగ్గర తొడుగు అందుకుని ముఖానికి పెట్టుకోబోతే, గాలి వదిలే మూత దగ్గర ఎండిన నెత్తురు మరక కనిపించింది. తుడుద్దామనుకునే లోపల ఐలయ్య చూశాడు. ఐలయ్య బయటి పనుల పెద్ద. మంచివాడే, కానీ అతని కంట్లో పడని నలక లేదు.

"కొమురక్కా, ఇదెవలది?"

"నాదే. పన్ను కదులుతున్నది."

"నీ పన్ను కదిలితె ఊరంతా వినపడేది" అని లస్మక్క వైపు తిరిగాడు. "అక్కా, నోరు చూపియ్యి."

ఆమె చూపించింది. అతను నెమ్మదిగానే చెప్పాడు. నెత్తురు ఎండి పట్టుకుంటే మూత తెరుచుకోదు. బయట ఊపిరాడక మనిషి పోతాడు. ఆ తొడుగు ఇద్దరిది కాబట్టి ఇద్దరిలో ఎవరైనా పోవచ్చు. దుమ్ముకాలం దగ్గరపడింది, ఆ కొద్ది రోజులూ ఎవరూ బయటికి పోరు. దుమ్ము దిగాక అందరి నోళ్లూ చూస్తాడు. పుండు నెత్తురు కారుతుంటే ఆమె పేరు కొట్టేసి లోపలి పనికి వేస్తాడు.

"లోపటి పనిల పడ్డోళ్లను మల్ల బయటికి పంపరు. నీకు తెలుసు గదక్కా."

"తెలుసు" అంది లస్మక్క. ఆ ఒక్క మాటకే బుగ్గ పట్టుకుంది.

లోపలి పని తేలికైంది. తిండి ఒకటే, గది ఒకటే. ఇంకెవరైనా అయితే సంతోషంగా ఒప్పుకునేవాళ్లు. కానీ లస్మక్క మొగుడు ఓదెలు బయట తెల్లగుట్ట మీద ఉన్నాడు. మూకుడులో ఉన్న మన్ను పంటకే చాలదు, అందుకని పోయినవాళ్లను బయట రాళ్ల కింద పెడతాం. షిఫ్టువాళ్లు తప్ప వేరేవాళ్లు అక్కడికి పోలేరు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆమె పని ముగించి రోజూ ఆ గుట్ట దగ్గర ఆగి, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి వస్తుంది. తొడుగు నా చేతికి ఆలస్యంగా వస్తుందని నేను సణుగుతూనే ఉంటాను. ఇకపై సణగను.

4

లస్మక్కకు మాట పడిపోయినంత పనైంది. పెదవులు కదిపితే చాలు పుండ్లు పగులుతున్నాయి. గొట్టాల పని చేతులతో చేస్తుంది కాబట్టి షిఫ్టుకు పోతూనే ఉంది. ప్రతిసారీ గడపలో ఐలయ్య మూత విప్పి తుడిపించి పంపుతున్నాడు.

ఇవాళ తొడుగు ఇస్తూ నా చెయ్యి పట్టుకుంది. ముద్దముద్దగా అంది, "నాతోని అయితలేదు. ఆయనకు నువ్వు చెప్పిపో. జొన్నలు మొలిచినయని చెప్పు. గంతే."

పాచి గీరడం అయ్యాక తెల్లగుట్ట ఎక్కాను. ఓదెలు రాళ్లకుప్ప ఏదో వెతుక్కోనక్కర్లేదు. మిగతావాటి మీద దుమ్ము పేరుకుని ఉంటే అదొక్కటే శుభ్రంగా ఉంది. ఎదురుగా నిలబడ్డాను. చుట్టూ ఎవరూ లేరని తెలిసినా ఒకసారి వెనక్కి చూసుకున్నాను.

"ఓదెలు బావా, జొన్నలు మొలిచినయట" అన్నాను.

నా గొంతు తొడుగులోనే తిరిగి నాకే వినబడింది. ఇంకేమైనా చెప్పాలా అనుకున్నాను. "అక్కకు నోరు మంచిగ లేదు. నేనే మందు పెడుతున్న. తగ్గుతలేదు" అని కూడా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. తొడుగులో ఏడవకూడదు, తుడుచుకోవడానికి వీలుండదు. మసక కళ్లతోనే గుట్ట దిగాను.

5

దుమ్ము లేచింది. మూకుడు గాజంతా ఎర్రగా కమ్ముకుపోయింది. గడప మూసేశారు. తొడుగులన్నీ కొక్కేలకు వేలాడుతున్నాయి. కరెంటు మిగల్చడానికి తోటలో సగం దీపాలు ఆర్పారు. దాల్చినచెట్ల వైపు అయితే పూర్తిగా చీకటి. ఉన్న చెక్కనూనె గడపకే దాచారు, మందుకు ఇప్పట్లో దొరకదన్నారు. నాకు చిరాకేసింది. చేసేదేం లేక మళ్లీ పాత గోనెసంచి మందే చేశాను. లస్మక్క మొహం మాడ్చుకుంది.

"ఇప్పుడు తొడుగిచ్చే పని లేదు గదా, పెట్టుకో" అన్నాను.

పనిలేక రోజూ మందుగదికే వస్తోంది. మందు అద్దుకుని నోరు కట్టేసుకుని కూర్చుంటుంది, ఇద్దరం అష్టాచెమ్మా ఆడతాం. ఆమె మాట్లాడలేదు కాబట్టి నేను గవ్వలు కొంచెం అటూ ఇటూ జరుపుతున్నాను. కళ్లతోనే తిడుతోంది.

ఇవాళ నోరు తెరిపించి చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. ఎర్రటి మచ్చలు మూసుకుపోయాయి. తెల్లటి గీతలు ఉన్నాయి, అవి ఉంటాయి. చిగుళ్లు చల్లబడ్డాయి.

"జిగురు ఈసారి ఎక్కువసేపు ఉడకబెట్టిన. అందుకే పట్టింది" అన్నాను గొప్పగా.

"చాల్తియ్. గట్కల ఇంత కారమెయ్యి" అంది. ఇంత పొడుగు మాట విని ఎన్నాళ్లయిందో. కారం వేసి ఇచ్చాను. కళ్లమ్మట నీళ్లొచ్చాయి, కారానికే. ఆపకుండా తింది.

6

దుమ్ము దిగింది. ఐలయ్య పరీక్ష ఇంకా పెట్టలేదు, ముందు గొట్టాలు చూసి రమ్మని అందరినీ పంపాడు. గడప తెరిచిన మొదటి రోజు కదా, పండగలా ఉంది. అందరూ ఒకటికి రెండు బిళ్ళలు నమిలారు. నేనూ నమిలి, తొడుగు నిండా ఊది, అంచును నూనె గుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచి ఇచ్చాను. ఆమె కూడా తిరిగొచ్చి అంతే ఘనంగా ఇచ్చింది.

సాయంత్రానికి బుగ్గ పట్టుకుని వచ్చింది. తోలు మళ్లీ లేచింది.

నేను పీట మీద కూలబడ్డాను. మందు అదే, జిగురు అదే, ఉడకబెట్టింది నేనే. దుమ్ముకాలంలో లేనిది, ఇవాళ ఉన్నది ఏమిటి అని ఆలోచించాను. తొడుగు ఉంది. తొడుగు వేసుకున్నవాళ్లంతా బాగానే ఉన్నారు. ఇంకేముంది. నా నోట్లో అప్పటికీ బిళ్ళ వాసన వస్తూనే ఉంది.

పాత నూనె మందు ఒక డబ్బీ అడుగున మిగిలి ఉంది. "అక్కా, కుడి బుగ్గకు గోనెసంచి మందు పెడ్త, ఎడమ బుగ్గకు పాయసం మందు పెడ్త. ఒక్కసారి ఓర్చుకో. రెండొద్దులు షిఫ్టుకు పోకు, బిళ్ళ నమలకు" అన్నాను. ఎందుకని అడగలేదు, ఒప్పుకుంది.

ఈ పొద్దున చూశాను. కుడి బుగ్గ తగ్గుముఖం పట్టింది. ఎడమ బుగ్గ పచ్చిపుండు.

చెక్క పడదు ఆమెకు. ఊరందరికీ పడుతుంది, నాకు పడుతుంది, ఆమె నోటికి పడదు. నములుతూ వచ్చింది. నేను ఊదిన తొడుగులో పొద్దంతా ముఖం పెట్టి ఉంది. రబ్బరు అంచుకు ఏళ్ల తరబడి ఇంకిన నూనె పెదవులకు రాసుకుంది. ఇదంతా చాలనట్టు మందులో కూడా కలిపి, పుండు మీద నా వేలితో నేనే అద్దాను, రెండు పూటలా పెట్టుకోమని చెప్పి మరీ. మందుగది తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ డబ్బీని పారేశాను.

7

లస్మక్కకు అంతా చెప్పాను. నన్నేమీ అనలేదు. "నీకేం తెలుసు, నువ్వు మంచికే జేసినవ్" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇగ నువ్వు నమలకు. నేను గూడ నమల. అంచు కొత్తది ఏపిస్త" అన్నాను.

అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"వట్టి ఊపిరిస్తనా? గడపల, అందరి ముంగట?"

"నాకే గదా ఇచ్చేది. నేనేం అనుకోను."

"నేననుకుంట. వేరేది ఏదన్న నములుత. పుదీన ఉన్నది గదా."

"పుండు మీద ఏ ఘాటు పడ్డా మండుతది. అయినా చెక్క గాకపోతె వట్టి ఊపిరి కిందనే లెక్క, నీకు తెల్వదా?"

"తెలుసు. అందుకే ఇయ్య. లోపటి పనికే పోత."

"ఓదెలు బావను చూడకుంట ఉంటవా?"

ఆమె ముఖం మారిపోయింది. నేను అనరాని మాట ఏదో అన్నానని తెలిసింది, అదేమిటో తెలియలేదు. "ఆయన పేరు ఇందులకు తేకు" అని వెళ్లిపోయింది.

ఐలయ్య దగ్గరికి పోయి బతిమాలాను. కొత్త రబ్బరు అంచు ఇచ్చాడు. తొడుగు లోపలంతా వేడి ఆవిరి పట్టించి నూనె వదిలించాం. "అంచు అంటె నా చేతిలున్నది ఇచ్చిన. ఊపిరి సంగతి నేను చెప్పలేనక్కా. అది రూలు గాదు, మర్యాద" అన్నాడు.

8

నేనే మొదలుపెడితే ఆమెకు తేలికవుతుందనుకున్నాను.

పొద్దున గడపలో అందరూ వరసగా జోడీలుగా నిలబడ్డారు. చుట్టూ చెక్క వాసన. నేను బిళ్ళ నమలలేదు. తొడుగులోకి ఉత్తగా మూడుసార్లు ఊదాను. గుడ్డ తీయలేదు. రెండు చేతులా అందించాను. నిండుది అనడానికి నోరు రాలేదు, ఇంకేమనాలో తెలియలేదు. ఊరికే చాచి నిలబడ్డాను.

పక్కవాళ్ల మాటలు ఆగిపోయాయి. లస్మక్క తొడుగు వైపు చూసింది, నా వైపు చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. తర్వాత వెనుదిరిగి వెళ్లిపోయింది.

ఆ రోజు గొట్టాల పని ఇంకొకరు చూశారు. మర్నాడూ అలాగే ఇచ్చాను, అలాగే పోయింది. ఆ తర్వాత గడపకే రావడం మానేసింది. నా మందుగదికి కూడా ఎవరూ రావడం లేదు. పళ్లనొప్పివాళ్లు ఓర్చుకుంటున్నారు. ఒకామె డబ్బీ తెచ్చి గుమ్మంలో పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లింది. నడవలో నా వెనక ఎవరో ఆ తిట్టు తిట్టారు. తిరిగి చూడలేదు. నాకు నోరు లేక కాదు, ఎవరని తెలిస్తే ఊరుకోలేను కనుక.

ఐలయ్య కబురు పంపాడు. పరీక్ష ఎల్లుండి. లస్మక్క రాకపోతే పేరు కొట్టేస్తాడు.

9

ఈ సాయంత్రం తనే వచ్చింది. పీట మీద కూర్చుంది. నేను పలకరించలేదు, నాకూ కోపముంది.

"తెల్లగుట్టకు పోయినవా?" అంది.

"రోజు పోతున్న. నేను నీకు వట్టి ఊపిరి ఇచ్చిన అని బావకు చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు, ఊకున్నడు."

ఆమె చీరకొంగు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది. ఇన్నేళ్ల జోడిలో నాకెప్పుడూ చెప్పని సంగతి.

ఓదెలు పోయిన ఆ రోజు మొగుడూపెళ్లాం ఇద్దరూ ఒకే గొట్టం దగ్గర పనిచేస్తున్నారు, ఎవరి తొడుగు వాళ్లది. గొట్టం జారి పడి ఓదెలు తొడుగు పగిలింది. మనుషులు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. లస్మక్క తన తొడుగు ఊడబీకి ఆయన ముఖానికి పెట్టింది.

"బిళ్ళ నమిలే సోయి యాడిదే. అట్లనే పెట్టిన. పొద్దుగాల సంది ఏం తినలె, నోరు ఎండి కంపు గొడుతున్నది. వట్టి ఊపిరి. రెండుసార్లు పీల్చిండు. మల్ల ఆయనే తీసి నా మొఖానికి పెట్టి, రెండు చేతులతోని గట్టిగ ఒత్తి పట్టిండు. నేను గుంజుకున్న. ఇడువలె. చేతులు జారెదాక ఇడువలె."

నేను చేతిలో ఉన్న డబ్బీ కింద పెట్టాను.

"నేను బతకాల్నని ఇచ్చిండో, నా ఊపిరి పడక తీసిచ్చిండో. మొగనికి ఆఖరికి వట్టి ఊపిరి ఇచ్చిన. రోజు పోయి అదే అడుగుత. ఏం చెప్పడు" అంది. కళ్లు తుడుచుకోలేదు. "ఇప్పుడు నీకు గూడ ఇయ్యిమంటున్నవ్."

నోటికొచ్చిందే అడిగాను.

"ఆయన నీకు తిరిగి ఇచ్చిండు గదా. దాంట్ల ఉన్నది ఆయన ఊపిరే గదా. ఆయనేం నమిలిండు?"

"ఏం నమల్లె."

"మరి నీకు కంపు గొట్టిందా?"

లస్మక్క వేళ్లకు చుట్టిన కొంగు విప్పింది.

"ఉల్లిగడ్డ వాసనొచ్చింది" అంది. "పొద్దుగాల గట్కల కొరుక్కున్నడు. లోపటికి వచ్చినంక ఆ తొడుగు తీయమని అందరు చెప్పిన్రు. చాలసేపు తియ్యలె నేను. తీస్తె ఆ వాసన పోతదని."

ఆ మాట తన నోటినుంచే వచ్చి తన చెవినే పడ్డట్టు, ఒక్కసారి ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లదంతా ఒక్కసారే బయటికొచ్చింది. నేను లేచి పక్కన కూర్చున్నాను. అద్దుడుమందు పెట్టుకున్న నోటితో ఏడవకూడదని చెప్పలేదు.

10

ఇవాళ పరీక్ష. గడపలో ఐలయ్య దీపం పట్టుకుని ఒక్కొక్కరి నోరూ చూశాడు. లస్మక్క వంతు వచ్చింది. ఆమె ముఖంలో ముఖం పెట్టి చూశాడు, గుడ్డతో బుగ్గలు అద్ది ఆ గుడ్డ చూశాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

"గీతలున్నయి" అన్నాడు.

"అవి పోయేటివి కావు, ఉంటయి" అన్నాను నేను. "మళ్ల ఎప్పుడన్న లేస్తది. మందు పెడుతనే ఉంట."

"నెత్తురు లేదు. పోవచ్చు."

నేను తొడుగు తీసుకున్నాను. నమలలేదు. మూడుసార్లు ఊదాను. అందరూ చూస్తున్నారని తెలుసు. ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండు చేతులా చాచాను.

లస్మక్క తీసుకుంది. ముఖానికి పెట్టుకుని, పట్టీలు బిగించుకుని, లోతుగా పీల్చింది. ఏమీ అనకుండా తలుపు వైపు నడిచింది.

మధ్యాహ్నం నేను ముందే వచ్చి గడపలో నిలబడ్డాను. మాపటి షిఫ్టువాళ్లంతా వచ్చారు. పొద్దటివాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి బిళ్ళలు నమిలి తొడుగులు ఇచ్చుకుంటున్నారు. లస్మక్క అందరికంటే ఆలస్యంగా వచ్చింది. మోకాళ్లకు తెల్లగుట్ట మన్ను. తొడుగు విప్పింది. ముఖం మీద అంచు అచ్చు పడి ఉంది. గొంతు కొంచెం బొంగురుపోయింది, చాలా మాట్లాడి వచ్చిన మనిషికి పోయినట్టు.

బిళ్ళల గిన్నె ఆమె పక్కనే ఉంది. పక్కన ఉన్నామె గిన్నెను కొంచెం ముందుకు జరిపింది. లస్మక్క దాన్ని తాకలేదు. తొడుగులోకి మూడుసార్లు ఊదింది. రెండు చేతులా నా ముందుకు చాచి, ఏమనాలో వెతుక్కుంటూ ఒక క్షణం ఆగింది.

"నాది. తీసుకో" అంది.

తీసుకుని ముఖానికి పెట్టుకున్నాను. లోపల వెచ్చగా ఉంది. మందు పొర గోనెసంచి వాసన వచ్చింది, దాని కింద గట్క పులుపు, దాని కింద పచ్చి ఉల్లిగడ్డ. పొద్దున కొరుక్కుని వచ్చింది. ఆ ముగ్గునోటితో పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుని, మంట పుట్టక, కడుపు నిండా తిని వచ్చింది.

"నిండుగ తీసుకుంటున్న" అన్నాను, గడపలో అందరికీ వినబడేలా. ఐలయ్య తలుపు తెరిచాడు.